ఆది జాకెట్టు

"దొంగ! దొంగ! పట్టుకోండి!"

పొద్దున్నే ఎనిమిదింటికి అత్తగారు కిటికీ ఊచలు పట్టుకుని మొదలెట్టారు. ఆ కేకకి వీధి చివర పడుకున్న కుక్క లేచి, తననే అంటున్నారనుకుని పారిపోయింది. ఎదురింటివాళ్ళు టీ గ్లాసులతో సహా వరండాలోకొచ్చి సర్దుకుని కూర్చున్నారు. రోజూ అదే ఆట... రోజూ హౌస్‌ఫుల్లే!

దొంగ మాత్రం ఎక్కడికీ పారిపోలేదు. అత్తగారి పక్కనే నిలబడి ఆవిడ మూతికంటిన పాలు తుడుస్తోంది. ఆ దొంగ ఆవిడ కోడలే!

"మా కోడలి జాకెట్టు ఎత్తుకొచ్చి తొడుక్కుందమ్మా ఈ దొంగముఖంది! ఆ చంక దగ్గర కుట్టు నాది, నాకు తెలీదా? విప్పవే!"

అత్తగారు నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. మతిమరుపు జబ్బు వచ్చి ఐదేళ్ళయింది. పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి. కన్నకొడుకు ఎదురుపడితే, "కరెంటు మీటరు బయటుంది బాబూ, చూసుకుపో" అంటారు. ఆ కొడుకూ నిజంగానే చూసుకుపోతాడు. "అమ్మ మాటలు పట్టించుకోకు" అన్న ఒక్క ముక్కతో ఐదేళ్ళు సంసారం లాక్కొచ్చిన మహానుభావుడు! కొలతలు మాత్రం ఆవిడకి ఇంచి తేడా లేకుండా గుర్తున్నాయి. టేపు మెడలో వేసుకునే నిద్రపోతారు.

కోడలి ఒంటిమీదున్నది ఆది జాకెట్టు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మొదటిసారి కుట్టిచ్చి, "ఇదే నీ ఆది. ఇక నీకేం కుట్టినా దీని కొలతకే" అని పెట్టెలో దాచినది. మిగతా జాకెట్లు పదకొండూ కిందటి వారం అత్తగారి కత్తెర కింద మసిగుడ్డలయ్యాయి. అందుకే అడుగున మిగిలిన ఈ ఒక్కటీ పైకొచ్చింది... దొంగసొత్తయింది!

సరిగ్గా అప్పుడే ఆడపడుచు సూట్‌కేసుతో గుమ్మంలో దిగింది. టెలిఫోన్ ఆఫీసులో సూపర్‌వైజరు. రోజంతా అందరి మాటా వినే ఉద్యోగం, ఇంట్లో ఎవరి మాటా వినే ఓపిక లేదు.

"అమ్మా! ఎంత చిక్కిపోయావే!"

"అన్నం పెట్టదమ్మా ఇది," అన్నారు అత్తగారు, అప్పటికి మూడోసారి టిఫిన్ తిన్న చెయ్యి చీరకి తుడుచుకుంటూ.

ఆడపడుచు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఫోన్లో అమ్మ చెప్తుంటే నమ్మలేదు వదినా! పెద్దదాన్ని ఆకలికి మాడుస్తావా? ఇవాళ సాయంత్రం బస్సుకే తీసుకెళ్ళిపోతా. పగలు గదికి తాళం వేసి ఆఫీసుకి పోతా. దొంగల మధ్య బతికేకంటే అదే నయం!"

కోడలు మూతి తుడిచిన గుడ్డ కిటికీ మీద పెట్టేసింది. ఐదేళ్ళ చాకిరీ పోతే పోయింది... చివరికి మిగిలేది 'దొంగ' అన్న పేరేనా? పైగా ఆ తాళం వెనక అత్తయ్య మంచినీళ్ళు ఎవర్ని అడుగుతారు?

"ఇవాళ మంగళవారం," అంది మెల్లగా. "అత్తయ్యని ఓ చోటికి తీసుకెళ్ళాలి, రెండు గంటలు నువ్వూ నాతో రా. ఆ తర్వాత నీ ఇష్టం."

లైబ్రరీ మేడమీద గదిలో ప్రతి మంగళవారం ఓ సంఘం కూడుతుంది. మతి తప్పినవాళ్ళు ఓ పక్క బొమ్మలకి రంగులేస్తారు, వాళ్ళని చూసుకునేవాళ్ళు ఇంకో పక్క కూర్చుని ఏడుస్తారు, లేదంటే కునుకు తీస్తారు. పెట్టింది రిటైరైన పోస్ట్‌మాను. అందరికీ పోస్టు బాబాయి.

"రా తల్లీ, దొంగల సంఘానికి స్వాగతం!" అన్నాడాయన ఆడపడుచుతో. "నేను మా ఆవిడ పళ్ళసెట్టు దొంగని. అదుగో, ఆ మూల నిద్రపోతున్న టీచరమ్మ వాళ్ళ నాన్నకి రోజూ విషం పెడుతుంది. తొమ్మిదేళ్ళుగా పెడుతోంది, ఆయన బరువు పెరుగుతున్నాడు. మీ వదిన మాలో జూనియరు, ఒక్క జాకెట్టే!"

ఆడపడుచు నవ్వలేదు. "మా అమ్మ అబద్ధం చెప్పదండీ," అంది బిగుసుకుపోయి, తల్లి దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాతో వచ్చెయ్. నీ కూతుర్ని..."

అత్తగారు చెయ్యి లాగేసుకున్నారు. "నా కూతురికి ఎనిమిదేళ్ళు! రెండు జడలేసుకుని బడికెళ్ళింది. నువ్వెవరే ముసలిదానా? పిల్లల్ని ఎత్తుకుపోయేదానివా? దొంగ! దొంగ!"

ఆడపడుచు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పోస్టు బాబాయి ఓ కుర్చీ జరిపాడు. "కూర్చో తల్లీ. సభ్యత్వం వచ్చేసింది."

ఊరుకోబెడదామని కోడలు దగ్గరికెళ్ళింది. అంతే! అత్తగారు మెడలో టేపు లాగి చుట్టేశారు ఆమె చుట్టూ. అంకె చూడనైనా లేదు, వేళ్ళతోనే చదివేశారు.

"ఛాతీ ముప్ఫైమూడు! మా కోడలిది ముప్ఫైఆరు! చూశారా? దీనిది కాదు ఈ జాకెట్టు! మూడంగుళాలు వదులు!"

సాక్ష్యం దొరికిపోయింది. దొంగ తలొంచుకుంది.

"మా కోడలేదే? ఏం చేశావే దాన్ని?" ఆవిడ ఉన్నట్టుండి టేపు వదిలేశారు. "తిందో లేదో... అందరికీ పెట్టి, చివర్న గిన్నె గోక్కుని తినేది పిచ్చిది. నేను మిషను మీంచి చూస్తూనే ఉండేదాన్ని. 'తిన్నావా' అని ఒక్కనాడు అడగలేదు... అత్తని కదా, అడిగితే లోకువైపోతానని! అది కనపడితే చెప్పవే, నేను తినమన్నానని..."

"చెప్తాను అత్తయ్యా..." కోడలి కళ్ళు ధారలు కట్టాయి. "తప్పకుండా చెప్తాను!"

అత్తగారు ఆమెని ఎగాదిగా చూశారు. "నువ్వు చెప్పవు. దొంగముఖానివి." చెంప మీద ఛెళ్ళున ఒకటిచ్చి, వెళ్ళి బొమ్మకి రంగేసుకున్నారు.

సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. ఆడపడుచు ఎక్కలేదు. సూట్‌కేసు విప్పి, ఆఫీసుకి ఫోను చేసి సెలవు పెట్టి, వంటింట్లోకెళ్ళి కంచం నిండా అన్నం పెట్టుకొచ్చింది.

"నన్ను క్షమించమని అడగను వదినా. అడిగే ముఖం లేదు. ఇకమీదట నెలకో వారం సెలవు పెట్టి వస్తా. ఆ వారం దొంగని నేనే. ముందు నువ్వు కూర్చో... నాకంటే ముందు తిను."

ఈ ఇంట్లో మొదటిసారి కోడలు అందరికంటే ముందు కంచం ముందు కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో...

"అయ్యో! చూడండ్రోయ్!" కిటికీ దగ్గర అత్తగారి గావుకేక. "మా కోడలి అన్నం కూడా ఈ దొంగే తినేస్తోంది!"

ఎదురింటివాళ్ళు మళ్ళీ వరండాలోకొచ్చారు.

కోడలు కన్నీళ్ళు తుడుచుకోలేదు. తల కూడా ఎత్తలేదు. రెండో ముద్ద కలుపుకుంది. అత్తయ్య చెప్పమన్న మాట చేరిపోయింది... ఇక మూడంగుళాలు పూడ్చాలి కదా!