నాలుగో ట్యాంకు, సున్నా శాతం

ఉదయం ఎనిమిదింటికి నీటి సరఫరా కేంద్రం గేటు దగ్గర ప్రోగ్రామర్‌ని కాల్చి చంపారు. సైలెన్సర్. రెండే తూటాలు. పదిన్నరకి గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ ఫోన్‌లో ఏజెంట్‌తో పొడిపొడిగా మాట్లాడాడు.

"విదేశీ ముఠా నాలుగో ట్యాంకులో విషం కలిపింది. పదకొండింటికి వాల్వ్ దానంతటదే తెరుచుకుంటుంది. సగం ఊరు తాగే నీళ్లు. అందరికీ చెప్పే టైము లేదు. చనిపోయినాయన రాసిన ప్రోగ్రామ్‌తోనే వాల్వ్ బిగించాలి. ఆయన నీ బావ అని తెలుసు. ఏడవడం తర్వాత."

ఏజెంట్ మీటర్ రీడర్ ఖాకీ చొక్కా తొడుక్కుని కంట్రోల్ రూమ్‌లోకి దూరాడు. నల్ల కళ్లద్దాలతో సీతాకోక అప్పటికే అక్కడుంది. ముఠాలో ఉంటూ ఆ మారుపేరుతో డిపార్ట్‌మెంట్‌కి రహస్యాలు చేరవేసే మనిషి. అంత అందగత్తె చెబితే నమ్మేయడం డిపార్ట్‌మెంట్‌కి పాత జబ్బు.

"పది యాభై ఏడు. ప్రోగ్రామ్ పేరు కొట్టి ఎంటర్ నొక్కు," అంది. "ఏ ట్యాంకు, ఎంత శాతం తెరవాలి అని అదే అడుగుతుంది."

పేరు కొట్టాడు. వేలు ఎంటర్ దాకా వెళ్లి ఆగిపోయింది. బావ ప్రోగ్రామ్‌లు ఏదీ అడగవు. పేరు పక్కనే ట్యాంకు నంబరు, దాని పక్కన శాతం మనమే ఇవ్వాలి. ఇచ్చారో లేదో చూసే రెండు లైన్లు రాయడానికి కూడా ఆయనకి బద్ధకం. ఎన్నిసార్లు పోట్లాడినా ఒకటే మాట: "ఏమీ ఇవ్వకుండా నొక్కే మొద్దు ఎవడుంటాడ్రా బామ్మర్దీ?"

ప్రోగ్రామ్ ఫైలు తెరిచి చూశాడు. అనుకున్నంతా అయింది. ఏమీ ఇవ్వకపోతే అన్ని ట్యాంకులూ వంద శాతం తెరుచుకుంటాయి.

"విషం నా చేత్తోనే ఊరి మీదికి వదిలించేదానివి కదా!"

ఆమె పిస్టల్ తీసింది. అతను కుర్చీని ఆమె మీదికి తన్నాడు. తూటా కుడి భుజంలో దిగింది. ఆమె తల గోడకి కొట్టుకుని స్పృహ తప్పింది. ఎడం చేత్తో పేరు పక్కన నాలుగు, ఆ పక్కన సున్నా కొట్టి ఎంటర్ నొక్కాడు. నాలుగో వాల్వ్ మూసుకున్నట్టు ఎర్రలైటు వెలిగేసరికి పదకొండుకి మూడు సెకన్లుంది.

అతను నేల మీదే కూలబడి ఏడ్చాడు. అప్పుడే ఫోన్ మోగింది. అక్క. అదే ఊళ్లో హాస్పిటల్‌లో నర్సు.

"ఒరేయ్, పదకొండు దాటింది, కుళాయిలో చుక్క రావట్లేదు. వార్డంతా నా ప్రాణం తోడేస్తోంది. మీ బావ పొద్దుట్నుంచీ ఫోనెత్తట్లేదు. ఎక్కడున్నార్రా ఆయన? అసలు నీళ్లు ఆపిందెవరు?"

"నేనేనక్కా," అన్నాడు. రెండు ప్రశ్నల్లో తేలికైనదానికి జవాబు చెప్పేశాడు.