పదమూడు దగ్గర ఆగిన మేస్త్రీ

“ఒక్క పలకైనా పగలగొట్టక తప్పదు, టీచరు గారూ.”

“ఆ మాట మళ్లీ అన్నారంటే మీ సుత్తి దాచేస్తాను!”

పలకలు పరిచే మేస్త్రీ తల గోక్కున్నాడు. టీచరు ఇంటి పెరట్లో అరుగు కట్టడానికి వచ్చి వారమైంది. ఇవాళ పలకలు పరిస్తే పని పూర్తి. తర్వాత ఈ గేటు తీయడానికి సాకు ఉండదు. మనసులో మాటేమో ఇంకా చెప్పనే లేదు.

పలకలు మూడు వందల ఇరవై మూడు. కుమ్మరి పని చేసిన ఆమె తల్లి, పోయేముందు చేత్తో చేసినవి. ఒక్కటీ పగలకూడదు, మిగలకూడదు. వరుసలన్నీ సమానంగా రావాలి.

“రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు... దేనితోనూ భాగం పోవట్లేదండీ. ఇది ప్రధాన సంఖ్యే. ఒకే వరుసగా పరిస్తే అరుగు కాదు, రోడ్డవుతుంది!”

కిటికీలోంచి ఆమె తండ్రి కిసుక్కున నవ్వాడు.

“పదమూడు దగ్గరే ఎందుకు ఆగారు?” అని అడిగింది టీచరు.

“అక్కడిదాకా చూస్తే చాలన్నాడు మా గురువు. పదేళ్లుగా తప్పలేదు.”

“ఒక్కో పనికి ఎన్ని పలకలు?”

“రెండొందలు దాటవు.”

“అందుకే తప్పలేదు!” ఆమె సుద్దముక్క తీసుకుని గోడ మీద రాసింది. “భాగించే సంఖ్యలు జంటగా ఉంటాయి. పద్దెనిమిది పద్దెనిమిదులు మూడు వందల ఇరవై నాలుగు. జంటలో రెండూ అంతకు తగ్గకపోతే, లబ్ధం మన లెక్క దాటిపోతుంది. కాబట్టి జంట అంటూ ఉంటే, ఒకటి పద్దెనిమిది లోపే దొరికి తీరాలి. మీరు ఒక్క మెట్టు ముందు ఆగిపోయారు.”

పదమూడు తర్వాత పదిహేడు. అతను ఇసుకలో వేలితో భాగించాడు. పదిహేడు పంతొమ్మిదులు! ఒళ్లు జలదరించింది. ఎంత పెద్ద సంఖ్యకైనా ఇంతేనా? దూరాన ఎవరున్నా, వాళ్ల జోడీ ఇంత దగ్గర్లోనే ఉంటుందా?

“ఈ ఏర్పాటు ఎవరు చేశారండీ?”

“రోజూ పాఠం చెబుతాను, రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. అంతకన్నా నాకూ తెలియదు.”

“మరి ఏ జంటకూ లొంగని సంఖ్యల్ని దేవుడు ఎందుకు చేసినట్టు?”

“అది నేనూ అడుగుతూనే ఉన్నాను,” అంది మెల్లగా.

సాయంత్రానికి పదిహేడు వరుసలు నిండాయి. ఒక్కటీ పగల్లేదు, మిగల్లేదు. అతను సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లి తిరిగాడు.

“టీచరు గారూ...”

అంతే. గేటు గడియ తీశాడు, మళ్లీ వేశాడు.

“అమ్మాయ్,” కిటికీలోంచి తండ్రి కేకేశాడు, “మేస్త్రీ మళ్లీ పదమూడు దగ్గరే ఆగాడు! ఇంకో మెట్టు ఎక్కవయ్యా, నాకు అభ్యంతరం లేదు!”

“నన్ను... పెళ్లి చేసుకుంటారా?”

ఆమె అతని భుజం మీది సంచీ తీసుకుని, తల్లి పలకల మీద జాగ్రత్తగా దించింది.