గుండం నుంచి ఇంటికొచ్చిన వాసన

సరితకు అన్నిటికంటే పెద్ద భయం, తన కూతురు మహితకు ఎవరి నుంచో ఏదో అంటుకుంటుందని. పోయిన ఏడాది రెండేళ్ళ పాపకు ఒంటినిండా చీముపొక్కులు లేచి, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఆ మచ్చలు ఇంకా పోలేదు, ఆ భయమూ పోలేదు.

ఆ శుక్రవారం పొద్దున సరిత ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే అత్త కురుమమ్మ యాత్ర నుంచి వచ్చింది. చిక్కడపల్లిలో వాళ్ళ గల్లీ భజన బృందం ముప్పై మందితో బీహార్ వెళ్ళి, నలందా శిథిలాలు, ఆ దగ్గర్లోని వేడినీళ్ళ గుండాలు చూసి వచ్చింది. పాలమూరు నుంచి వలస వచ్చి, ముప్పై ఏళ్ళు ఇసుక తట్టలు మోసిన కురుమమ్మకు ఇదే మొదటి యాత్ర. పది రోజుల షుగర్ గోళీలు పొట్లాలు కట్టి ఇచ్చింది సరితే.

"ఎంత పెద్ద బడి బిడ్డా. గోడలే మిగిలినయ్. అయినా ఒక్క ఇటుక వంకర లేదు. మేస్త్రీ మంచోడై ఉంటడు," అంటూ కురుమమ్మ సంచి విప్పింది.

ముద్దలా చుట్టిన తడిచీర బయటపడింది. గుండంలో మునిగిన చీరను ఉతకకూడదట. దాని కిందే గుండం నీళ్ళ సీసా. అడుగున పచ్చగా ఏదో పేరుకుని ఉంది.

"పాప నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లుత. మచ్చలు పోతయంట."

సరిత సీసా లాక్కుంది. "ఎంతమంది దిగిన్రు అత్తమ్మా ఆ నీళ్ళల్ల?"

"వందలమంది. జాతర లెక్కుండె."

"వందలమంది చెమట, ఉమ్ములు, పుండ్లు కడిగిన నీళ్ళు నా బిడ్డ నెత్తి మీద పోస్తవా?" సరిత సీసాను మోరీలో గుమ్మరించింది. "పది రోజులు పాపను ముట్టకు. వెనక రూంల ఉండు. కంచం, చెంబు వేరే పెడ్త."

కురుమమ్మ మోరీ వైపు కాసేపు చూసి, "సరే తీ బిడ్డా," అని సంచి ఎత్తుకుంది.

అశోక్‌నగర్‌లో పరీక్షల పిల్లలకు జిరాక్సులు తీసే సరిత భర్త రాఘవేందర్ రాత్రి అన్నం తింటూ, "జర ఎక్కువ చేస్తున్నవ్ సరితా," అన్నాడు.

"ఆసుపత్రిల ఆరు రోజులు పాప పక్కన ఎవరు కూసున్నరు? నువ్వా, నేనా?"



ఆదివారానికి ఇంట్లో వాసన మొదలైంది. ఎలుక చచ్చినట్టు, మురిగిన మాంసంలా. సరిత రెండుసార్లు ఫినాయిలుతో తుడిచింది. పక్కింటి మంజుల పెరుగు తోడుకని వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా, ఎండుచేపలు మాడినయా?"

ఆమె వెళ్ళీ వెళ్ళగానే సరిత వెనక గదిలోకి దూసుకుపోయింది. "ఇజ్జత్ తీస్తున్నవ్ అత్తమ్మా. ఆ చీరను ఇంకా దాసుకున్నవా?" దండెం మీది చీరను కర్రతో ఎత్తి వాకిట్లో పడేసింది.

"అమ్మ మీద గట్ల ఒర్రుతవేంది?" రాఘవేందర్ లేచి వచ్చాడు.

"నువ్వే వచ్చి వాసన చూడు."

అతను గదిలోకి వచ్చి ముక్కు మూసుకున్నాడు. చీర పోయింది కానీ వాసన పోలేదు. అది మంచం దగ్గర, కురుమమ్మ కాళ్ళ దగ్గర ఉంది.

"సలికి ఏసుకున్న," అంటూ ఆమె మేజోళ్ళ కాళ్ళు దుప్పట్లోకి లాక్కుంది.

సరిత దుప్పటి తీసేసింది. కుడి మేజోడు పసుప్పచ్చగా తడిసి, చర్మానికి అతుక్కుని ఉంది. నీళ్ళు పోసి నానబెట్టి లాగితే, దాంతో పాటు తెల్లని తోలు ఊడి వచ్చింది. అరికాలంతా పచ్చి. చిటికెన వేలు నల్లబడింది. సరిత బయటికి పరుగెత్తి మోరీ దగ్గర కక్కుకుంది.

నారాయణగూడలోని ఆసుపత్రిలో డాక్టరమ్మ యాత్ర సంగతి విని, సూదిమొనతో పాదం మీద నాలుగుచోట్ల గుచ్చింది. కురుమమ్మ గోడ మీది క్యాలెండర్ చూస్తూ, "ఎప్పుడు గుచ్చుతరమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది. "వేడినీళ్ళలో ఎంతసేపు ఉన్నారు?"

కురుమమ్మ ముఖం విప్పారింది. "అందరు కాలుతుందని ఎగిరి బయటపడ్డరు. నేనొక్కదాన్నే గంటసేపు నిలబడ్డ. మా మనవరాలి పేరు మీద. దేవుడు నన్ను కాలనియ్యలే."

"కాలిందమ్మా. షుగర్‌తో మీ పాదాల్లో స్పర్శ పోయింది, అందుకే తెలియలేదు. ఇంకొన్ని రోజులైతే పాదమే తీయాల్సి వచ్చేది. వేలు దక్కుతుందో లేదో చెప్పలేను."

ఆటోలో సరిత అడిగింది. "చీము కనబడ్డప్పుడే ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"నొప్పి లేకపాయె. చెప్తే ఇంకో నెల పాపను ముట్టనియ్యవని."

సరితకు ఏడుపు ఆగలేదు. మూడు రోజులు గడప దగ్గర కంచం పెట్టి వెనక్కి తిరిగిందే కానీ, ఆమె కుంటుతోందని చూడలేదు. కురుమమ్మే కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది. సరిత ఆ చేతిని తోసేయలేదు.

చిటికెన వేలు దక్కలేదు. ఇప్పుడు రోజూ పొద్దున కట్టు మార్చేది సరితే. అసహ్యం పోయిందని అబద్ధం చెప్పలేము. ఇప్పటికీ ఊపిరి బిగబట్టే ఆ పుండు కడుగుతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని, పాపను తెచ్చి కురుమమ్మ ఒళ్ళో కూర్చోబెడుతుంది.

ఇది చదువుతున్న మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళెవరైనా ఉంటే, నొప్పి లేదంటే నమ్మి ఊరుకోకండి. ఈ రోజే వాళ్ళ పక్కన కూర్చుని, కాళ్ళు మీ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులతో సహా అరికాళ్ళు ఒకసారి చూడండి.