ఓబులమ్మ అడుగులు

కాశింబీ టీచరుకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరందరికీ తెలుసు. ఆమె బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక కొత్త పాఠం ఉడుకుతూ ఉంటుందని బడి పిల్లలకే తెలుసు. ఈసారి ఉడికింది కొలతల పాఠం. ఆదివారం నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఎర్రకొండ గుహలోకి వెళ్ళి, రేకు పెట్టెలో పదకొండు భూతద్దాలు పెట్టి దాచి వచ్చింది. తర్వాత డ్రాయింగు షీటును టీ డికాషన్‌లో ముంచి, అంచులు కాల్చి, పామునూ చంద్రవంకనూ గీసి, అచ్చం పాతకాలపు పటంలా తయారుచేసింది. అందులో దూరాలన్నీ అడుగుల లెక్కే. అయితే అవి పెద్దవాళ్ళ అడుగులు కావు, నాలుగో తరగతి ఓబులమ్మవి. బడిలో ఆ పిల్లను నడిపించి, అడుగుకూ అడుగుకూ మధ్య దూరం ఎంతుందో చూసి, అంత పొడుగు కట్టె కొట్టి, దాంతోనే గుహను కొలిచింది టీచరు.

బుధవారం పొద్దున్నే పదకొండు మంది పిల్లలూ సద్దిమూటలతో బయలుదేరారు. ఆటోల దగ్గర నిలబడి, "మా కాడ నిధి పటముండాది!" అని గొంతులు చించుకున్నారు. అదే కొంప ముంచింది. నిధి అన్న మాట చెవిన పడితే చాలు, గడ్డపార భుజాన వేసుకునేవాళ్ళకు ఆ సీమలో కొదవ లేదు.

"కదలొద్దు! ఎవురన్నా కదిలితే కాళ్ళిరుగుతాయి!"

గుహ ముఖద్వారం దగ్గర ముగ్గురు మగవాళ్ళు దారికి అడ్డంగా నిలబడ్డారు. ముందున్నవాడు తిరపాలు. పదేళ్ళుగా పాడుబడిన గోడలన్నీ తవ్వి, తేళ్ళు తప్ప ఏమీ చూడని ఘనుడు. వాడు టీచరు చేతిలోని పటాన్ని విసురుగా లాక్కున్నాడు.

"యాడిదిమే ఇది?"

"నేనే గీసినా. పిల్లోళ్ళ పాఠానికి. కావాలంటే వాసన చూడు, టీ నీళ్ళ వాసనొస్తుంది."

తిరపాలు నిజంగానే వాసన చూశాడు. "నిధి పటాలకు మందు పూస్తారు. ఆ మాత్రం నాకు తెల్దనుకున్యావా?" అని పిల్లల వైపు తిరిగాడు. "మీలో ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు ఎవురు?"

ఓబులమ్మ చెయ్యి టక్కున పైకి లేచింది. "నేను సార్! మా అవ్వ చెప్పింది."

కాశింబీ గబుక్కున ఆ చెయ్యి కిందికి లాగింది. కాళ్ళు ముందుగా బయటికొచ్చిన బిడ్డకు నిధి కనబడుతుందంటారు. నిధి కనబడ్డాక దాని కాపలా దయ్యానికి ఆ బిడ్డ నెత్తురే పోస్తారని కూడా ఆమె విని ఉంది.

"పిల్లను ముట్టుకోవద్దు! నేనొస్తా, నన్ను తీసుకపో!"

"నువ్వూ రామే. అది మాత్రం నా ముందర నడవాల."

కొడవలి పట్టుకున్న ఒకడు మిగతా పదిమంది పిల్లలకు కాపలా నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ టీచరునూ ఓబులమ్మనూ లోపలికి తోశారు. లోపలంతా గబ్బిలాల కంపు. పాము ఆకారపు బండ దాటగానే పటం ప్రకారం ముప్ఫై అడుగులు, ఆపైన ఎడమకు పన్నెండు. తిరపాలు టార్చి పట్టుకుని, పెద్ద అంగలు వేస్తూ, పైకి లెక్కపెడుతూ నడిచాడు. పద్దెనిమిది అనేసరికే ఎడమ పక్క దారి వెనకబడింది.

"టీచర్, అవి నా అడు..."

"నోర్ముయ్!"

టీచరు అంత కటువుగా ఎన్నడూ కసరలేదు. ఓబులమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అయినా పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. బడిలో నేర్పినట్టే తన అడుగులు తాను లెక్కపెట్టుకుంటోంది.

"ముప్ఫై!" అని తిరపాలు ఎడమకు తిరిగాడు. ఎదురుగా బీటలు వారిన రాతిగోడ. "ఈడ్నే మూసినారు. కొట్టరా!"

గడ్డపార దెబ్బకు గుహంతా దద్దరిల్లింది. కప్పు నుంచి రాళ్ళు రాలాయి. వందల గబ్బిలాలు ఒక్కసారిగా ముఖాల మీదికి విరుచుకుపడ్డాయి. టార్చి నేల మీద పడి ఆరిపోయింది.

"పిల్లను వదలొద్దురా!" అంటూ తిరపాలే ఓబులమ్మ జడ దొరకబుచ్చుకున్నాడు. కాశింబీ ఆ చేతిని తడిమి పట్టుకుని, పళ్ళు దిగేదాకా కొరికింది. వాడు కుయ్యోమని జడ వదిలేశాడు.

"పాము బండ కాడ్నుంచి ఎన్ని అడుగులే?" అంది టీచరు పిల్ల చెవిలో.

"యాభై టీచర్!"

"లెక్కపెట్టుకుంటా నడువు. ఉరకొద్దు, ఉరికితే అడుగు మారతాది."

వెనక నుంచి బూతులు, రాళ్ళు. ముందంతా కారుచీకటి. ఇరవయ్యో అడుగు దగ్గర ఓబులమ్మ కుడిచేతికి గోడ అందలేదు.

"గోడ లేదు టీచర్!"

"అది పక్క దారి. నేరుగా నడువు, ఇంగా ముప్ఫై ఉండాయి."

గోడ పట్టుకుని తరుముకొచ్చిన తిరపాలూ వాడి తోడుదొంగా మాత్రం ఆ పక్క దారిలోకే మళ్ళారు. యాభయ్యో అడుగుకు ఓబులమ్మ చెయ్యి పాము బండకు తగిలింది. బండ చుట్టూ తిరిగితే వెలుతురు.

బయట కొడవలివాడు లేడు. గబ్బిలాల దండు చూసి, కాపలా దయ్యమే లేచిందని కొడవలి పారేసి పరుగు లంకించుకున్నాడట. కాశింబీ పిల్లల్ని లెక్కపెట్టింది. పదకొండు. నమ్మకం కుదరక మళ్ళీ రెండుసార్లు లెక్కపెట్టింది.

"టీచర్, మరి మన నిధి?"

"నిధీ లేదు, గాడిదగుడ్డూ లేదు! నడవండి!"

ఆ సాయంత్రమే పోలీసులు వెళ్ళి, చీకట్లో దారి తప్పి గుహలోనే ఉన్న ఇద్దరినీ ఈడ్చుకొచ్చారు. పక్క దారిలో కాలికి తగిలిన రేకు పెట్టెను తిరపాలు గుండెకు హత్తుకుని ఉన్నాడు. స్టేషన్లో మూత తీస్తే భూతద్దాలు. "బంగారం ఆ పంతులమ్మ ముందే కొట్టేసింది!" అని వాడు రంకెలు వేశాడు.

ఆ ఒక్క మాట చాలు ఊరికి. తెల్లారేసరికి చూపులు మారిపోయాయి. మూడో రోజు ఓబులమ్మ తండ్రి మద్దిలేటి బడికి వచ్చి, గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు.

"తప్పుగా అనుకోవద్దు టీచరమ్మా. నా బిడ్డ ఎదురుకాళ్ళది. దాని చూపుతోనే గదా దొరికింది. మాకు రావాల్సింది ఏమన్నా ఉంటే..."

మూడు రోజులుగా అణచుకున్న భయమంతా కాశింబీకి కోపమై తన్నుకొచ్చింది. ముందు వరసలో కూర్చున్న ఓబులమ్మను రెక్క పట్టి లేపి, తండ్రి ముందు నిలబెట్టింది.

"గవిలోంచి నేను తెచ్చింది దీన్నొక్కదాన్నే. నెత్తురు పోసేదానికి ఆ పాపిష్టోడు దీని జడ పట్టుకున్యాడు మద్దిలేటీ! నీకు భాగం కావాలంటే అంతా నీదే. తీసుకపో!"

మద్దిలేటి ముఖం పాలిపోయింది. గుమ్మంలోనే కూలబడి, కూతురి జడను చేతిలోకి తీసుకున్నాడు. గుహలో ఏం జరిగిందని ఈ మూడు రోజుల్లో మొదటిసారి అడిగాడు.