గురువారం నూనె

మే 8, శుక్రవారం. ఉదయం 6.50 ప్రాంతంలో కొచ్‌కోర్ పైవీధిలో ఒముర్జాక్ అనే యాభై రెండేళ్ల మనిషి తండ్రి ఇంటి పెరట్లో చనిపోయాడు. వాలు మీద నిలిపిన గ్యాజ్-69 మిలిటరీ జీపు, పోయిన తండ్రి వదిలివెళ్లింది, కిందికి దొర్లింది. గేటు గొళ్లెం తీస్తున్న అతన్ని రాతిగోడకి అదిమేసింది.

ఏడింటికి తమ్ముడు జార్లిక్ కేకలు వేశాడు. ఇరుగుపొరుగు వచ్చి జీపుని వెనక్కి నెట్టారు. ఒముర్జాక్ నోటి నిండా నెత్తురు. ఎడమవైపు పక్కటెముకలు లోపలికి దిగిపోయాయి.

జీపు హ్యాండ్‌బ్రేక్ లాగినట్టే ఉంది. అయినా బండి దొర్లింది. పోలీసులు బ్రేక్ డ్రమ్ విప్పారు. లోపలంతా నూనె.

ఆ మాట వీధిలోకి పాకింది. జార్లిక్ మరో నలుగురిని వెంటేసుకుని మెకానిక్ సొవెత్‌బెక్ షెడ్డుకి వెళ్లాడు. నెల రోజులుగా ఆ జీపు లీకులు బాగుచేస్తున్నది సొవెత్‌బెక్కే. పానాతో అతని ముందుపళ్లు రెండు రాలగొట్టారు. కింద పడేసి పొట్టలో తన్నారు. సార్జెంట్ మెదెర్ గాల్లోకి కాల్పులు జరిపితే గానీ ఆగలేదు.

మధ్యాహ్నం పోలీసు కెప్టెన్ బురుల్‌కాన్ జిల్లా ఆసుపత్రికి వెళ్లింది. సొవెత్‌బెక్ ఎడమచేతికి బేడీ వేసి మంచానికి బిగించారు. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైనట్టు కేసు. అతనికి అరవై మూడేళ్లు. శిక్ష పడితే జైలు నుంచి నడిచి బయటికి రాడని ఇద్దరికీ తెలుసు.

"మీరు వేసిన సీల్ కారిందంటున్నారు సొవెత్‌బెక్ గారూ."

"ఎవడన్నది?"

"మెదెర్."

"మెదెర్‌కి గుర్రప్పాలకీ గేర్ ఆయిల్‌కీ తేడా తెలీదు. చిన్నప్పుడు రెండూ తాగించి ఉంటారు."

"బండి కారేది కదా?"

"కారని గ్యాజ్ ఉందంటే అందులో నూనె లేదని లెక్క." అతను మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని నెత్తురు ఉమ్మాడు. "ఇంజిన్ బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచే డబ్బా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్. దాని వెనకే హ్యాండ్‌బ్రేక్ డ్రమ్. మధ్యలో సీల్. అది కారితే నూనె తిన్నగా బ్రేక్‌లోకే. సీల్ మార్చా. కారింది. మళ్లీ మార్చా. మళ్లీ కారింది."

"తర్వాత?"

"తప్పు సీల్‌ది కాదు. డబ్బా నెత్తిన ఊపిరి గొట్టం ఉంటుంది. బురదతో పూడిపోయింది. లోపల గాలి వేడెక్కి, పోవడానికి దారిలేక నూనెని బయటికి తోసింది. గొట్టం పొడిచి శుభ్రం చేశా. ఆగిపోయింది."

"ఆగిందని రుజువేంటి?"

"సుద్ద పూశా. సీల్ చుట్టూ, డ్రమ్ మీద, పైన బండి అడుగురేకుకీ. చుక్క కారినా గీత పడుతుంది. గురువారం ముప్పై కిలోమీటర్లు తోలి కిందికి దూరి చూశా. సుద్ద సుద్దలాగే ఉంది. వెళ్లి చూడు కెప్టెనమ్మా. పడుకుని చూడు, యూనిఫామ్ పాడవుతుందని నిలబడి చూడకు."

"అన్నదమ్ములకి పడేదా?"

సొవెత్‌బెక్ నెత్తుటి గుడ్డ మడత మార్చాడు.

"బండి అప్పజెప్పడానికి నిన్న సాయంత్రం వెళ్లా. తొమ్మిదో తారీకు విజయదినం పెరేడ్ అయ్యాక దాన్ని బిష్కెక్ మ్యూజియానికి ఇచ్చేస్తానన్నాడు పెద్దోడు. నాన్న ఇల్లు చిన్నకొడుక్కే, పెరట్లో ఉన్నదీ చిన్నకొడుక్కే అన్నాడు చిన్నోడు. పెద్దోడు కొరడాతో మొహమ్మీద ఒక్కటిచ్చాడు. తల్లి ముందే, నా ముందే."

"జార్లిక్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నెత్తురు తుడుచుకుని కూర్చుని టీ తాగాడు."

బురుల్‌కాన్ పొద్దున జార్లిక్ చెంప మీద వాత చూసింది. గుర్రం కళ్లెం తగిలిందన్నాడు అతను.

మే 9, శనివారం. రాత్రి మంచు పడింది. ఉదయం ఆరింటికి బురుల్‌కాన్ స్టేషన్ వెనక షెడ్డులో జీపు కింద వెల్లకిలా పడుకుంది. టార్చ్ వేసింది.

సీల్ చుట్టూ సుద్ద తెల్లగా ఉంది. పైన అడుగురేకు మీదా తెల్లగానే ఉంది. నూనె జాడ ఒక్కచోటే ఉంది. డ్రమ్ ఉన్నచోటికి సరిగ్గా కింద, ఫ్రేమ్ మీద.

"తిరిగే డ్రమ్‌లోకి నూనె కారితే ఏమవుతుంది మెదెర్?"

"చుట్టూ చిమ్ముతుంది మేడమ్."

"పైన చుక్క లేదు."

డ్రమ్, దాన్ని లోపలినుంచి పట్టి ఆపే రెండు బ్రేక్ షూ రేకులు బల్ల మీద ఉన్నాయి. షూల మీద తెల్లటి పొర.

"అది సుద్ద మేడమ్," అన్నాడు మెదెర్. "ముసలాడు అన్నిటికీ పూశాడుగా. రిపోర్టులో కూడా రాశాను."

"మూసి ఉన్న డ్రమ్‌లోకి సుద్ద ఎలా వెళ్లింది?"

ఆమె గోటితో ఆ పొర గీకింది. రెండు వేళ్ల మధ్య నలిపింది. కరిగిపోయింది. వాసన చూసింది. గేర్ ఆయిల్‌కి కుళ్లిన గుడ్డు కంపు ఉంటుంది. దీనికి లేదు.

ఒక షూని వార్తాపత్రికలో చుట్టింది.

"ఎక్కడికి మేడమ్? పదింటికి పెరేడ్ డ్యూటీ."

"పొయ్యి దగ్గరికి. ఆసుపత్రి నుంచి సొవెత్‌బెక్‌ని తీసుకురా. బేడీ తియ్యకు."

పైవీధి పెరట్లో శవం కోసం యుర్తా డేరా వేశారు. లోపల ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. బయట మగవాళ్లు ఆచారం ప్రకారం నడుముకి పట్టీలు బిగించి, కర్రల మీద వంగి నిలబడ్డారు. వరసలో మొదట జార్లిక్. వచ్చిన ప్రతివాళ్లనీ చూసి గొంతెత్తుతున్నాడు.

"నా కొండవయ్యా అన్నా, నా కొండ కూలిపోయింది."

పోలీసు జీపులోంచి సొవెత్‌బెక్‌ని దించగానే ఒకడు వచ్చి మోకాలి మీద తన్నాడు. ముసలాయన కూలబడ్డాడు. మెదెర్ ఆ మనిషిని కాలరు పట్టుకుని ఈడ్చేశాడు.

బురుల్‌కాన్ పెరటి పొయ్యి దగ్గర ఆగింది. పట్టకారుతో షూని నిప్పుల మీద పెట్టింది.

"జార్లిక్, ఇలా రా. నిన్న పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా ఎక్కడున్నావ్?"

"కొట్టంలో. గుర్రాల దగ్గర."

"చప్పుడు వినలేదా?"

"లేదు."

"అన్న అరవలేదా?"

"గుండె నలిగినవాడు అరుస్తాడా మేడమ్?"

"నువ్వు జీపు ముట్టుకున్నావా?"

"ముట్టుకోలేదు. మా అన్నని చంపింది ఈ దొంగముండాకొడుకు. వాణ్ని నా ఎదురుగా నిలబెట్టి నన్నడుగుతారేంటి?"

షూ చిటపటమంది. పొగ లేచింది. గుంపులో మాటలు తగ్గాయి. అందరూ గాలి పీల్చారు. కంపు రాలేదు. పిండివంట వేగుతున్న వాసన వచ్చింది.

యుర్తా తలుపు తెర తొలిగింది. తల్లి సైరా బయటికి వచ్చింది. ఆమెకి చెవులు సరిగా వినపడవు, ముక్కు బాగానే పనిచేస్తుంది.

"ఇవాళ శనివారం కదే. గురువారం వాసన ఎవరు లేపుతున్నారు?" అంది. గురువారాల్లో వేయించే ఆ వాసనే పోయినవాళ్లకి కూడు కాబట్టి, రెండు అరచేతులూ మొహానికి తాకించుకుంది.

బురుల్‌కాన్ ఆమె చెవి దగ్గరికి వంగింది. "ఇది మీ నూనేనా అమ్మా?"

"నాదే. పత్తిగింజల నూనెలో గొర్రె తోక కొవ్వు కరిగిస్తా. ఈ వీధిలో ఇంకెవరు వేస్తారు, అందరూ పిసినారులు. గురువారం పోయిన మా ఆయన ఆత్మకని బూర్సోక్ పిండిముక్కలు వేయించా."

"మిగిలిన నూనె ఏం చేశారు?"

"పారబొయ్యకూడదు కదా తల్లీ. సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టా. నిన్న పొద్దున జార్లిక్ పట్టుకెళ్లాడు. జీను తోళ్లకి రాస్తానన్నాడు."

"ఎన్నింటికి?"

"ఏడు గంటల వార్తలకి ముందు. రేడియో చెవికి ఆనించుకుంటే ఇంకా పాటే వస్తోంది."

జార్లిక్ కర్ర మీద చేతులు మార్చుకున్నాడు.

బురుల్‌కాన్ అతని వైపు తిరిగింది. "మీ అన్న గేటు దగ్గర ఉన్నాడు. నువ్వు బ్రేక్ వదిలేశావ్. బండి గుద్దాక బ్రేక్ మళ్లీ లాగావ్. ఈ బండి కారుతుందని ఊరంతటికీ తెలుసు. నీకు నూనె కావాలి. గేర్ ఆయిల్ సొవెత్‌బెక్ షెడ్డులో తాళం వెనక ఉంది. చేతికి ఇది అందింది. షూలు సర్దడానికి డ్రమ్‌కి ఉండే చిన్న రంధ్రంలోంచి పోశావ్. వెచ్చగా ఉన్నప్పుడు అది మామూలు నూనె. చలికి గడ్డకట్టింది. మావాళ్లు సుద్ద అనుకున్నారు."

ఆమె జేబులోంచి కాగితం తీసింది.

"పోస్ట్‌మార్టమ్ రిపోర్టు రాత్రి వచ్చింది. ఒముర్జాక్ పది నిమిషాలకి పైగా బతికే ఉన్నాడు. నువ్వు బండి కింద పడుకుని నూనె పోస్తున్నంతసేపూ."

"పిలిచాడు," అన్నాడు జార్లిక్. "చిన్నోడా అని పిలిచాడు. కొట్టినప్పుడు కూడా అలాగే పిలిచాడు."

కర్ర తిప్పాడు. మొదటి దెబ్బకి మెదెర్ మణికట్టు విరిగింది. రెండోది సొవెత్‌బెక్ తల కోసం లేచింది. బురుల్‌కాన్ పట్టకారుతో షూ ఎత్తి అతని ముంజేతికి అదిమింది. చర్మం అంటుకుంది. కర్ర జారింది. అతను మోకాళ్ల మీద పడ్డాడు. ఆమె అతని వీపు మీద మోకాలు మోపింది.

అక్కడ బేడీ ఒక్కటే ఉంది. సొవెత్‌బెక్ చేతుల నుంచి తీసి జార్లిక్‌కి వేశారు.

తల్లికి మాటలు వినపడలేదు. కొడుకు చెయ్యి ఎందుకు కాల్చారని పక్కావిడని అడిగింది. పక్కావిడ ఆమెని లోపలికి నడిపించింది.

గ్యాజ్-69 ఆ రోజు పెరేడ్‌కి వెళ్లలేదు.

మే 11, సోమవారం. కోర్టు పంపిన ఇద్దరు సాక్షుల ముందు సొవెత్‌బెక్ ట్రాన్స్‌ఫర్ కేస్‌కి నూనె మట్టం చూసే పక్క ప్లగ్ విప్పాడు. చిటికెనవేలు పెట్టి తీశాడు. సాక్షులు కూడా పెట్టి చూశారు. నూనె రంధ్రం అంచు దాకా ఉంది, చుక్క కూడా కారలేదు.