వియ్యంకుడి ఫోటో

పొద్దున్నే కాఫీ గ్లాసు కంటే ముందు త్రినాథరావు చేతికి ఫోను రావాలి. కాలనీవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సహాయ బృందానికి ఆయనే పెద్ద. ముందురోజు ఎల్బీనగర్‌లో సరుకుల సంచులు పంచిన ఫోటోలు ఫేస్‌బుక్ గ్రూపులో పడ్డాయా, ఎవరెవరు దణ్ణం బొమ్మలు పెట్టారు, ఎవరు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు, ఇవన్నీ తేలితే గానీ ఆయనకి కాఫీ రుచించదు.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యడానికి లేదు. కరోనా రెండోసారి విరుచుకుపడి దిల్‌సుఖ్‌నగర్ మొత్తం తలుపులు బిగించుకున్న ఆ మే నెలలో, గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి రెండు మాస్కులు తగిలించుకుని రోజూ రోడ్డెక్కాడు. భార్య లలితకుమారి వద్దని మొత్తుకుంది. వింటేనా! చివరికి ఆవిడే కోడలు జ్యోతికని పక్కన కూర్చోబెట్టుకుని హాల్లో బియ్యం, పప్పు, చింతపండు సంచుల్లోకి సర్దడం మొదలుపెట్టింది. కొడుకు గౌతమ్ మాత్రం పడగ్గదిలోనే ఆఫీసు నడుపుతున్నాడు.

ఆ ఉదయం గుంటూరు నుంచి త్రినాథరావు చెల్లెలు ఉదయలక్ష్మి ఫోను చేసింది. ఆవిడది స్పీకరు అక్కర్లేని గొంతు.

"అన్నయ్యా, మీ గ్రూపులో పెట్టిన ఫోటో చూశాను. నీ చేతుల మీదుగా సంచి అందుకుంటున్నాయన మీ వియ్యంకుడు కాదూ?"

వంటింట్లో ఉన్న జ్యోతిక పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చింది. మామగారి చేతిలోంచి ఫోను తీసుకుని చూసింది. వెనక బ్యానరు. ముందు నవ్వుతూ మామగారు. ఆయన పక్కన గడ్డం మాసి, బుగ్గలు లోపలికి పోయి, మాస్కు గడ్డం కిందికి దించుకుని తన తండ్రి రామస్వామి. ఆయన వెనక లైన్లో ఒక ముసలామె.

హయత్‌నగర్‌లో స్కూలు వ్యాను నడుపుతాడాయన. బడులు మూతబడి ఏడాది దాటింది. ఎప్పుడు ఫోను చేసినా, "కిరాయిలు దొరుకుతున్నయి బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అనేవాడు. ఫోటోలో ఆయన పట్టుకున్న సంచికి ముడి వేసింది జ్యోతికే.

"అయ్యయ్యో, నేను గుర్తే పట్టలేదే!" త్రినాథరావు కంగారుగా బృందంలో ఫోటోలు తీసే సాయికుమార్‌కి ఫోను కలిపాడు. "సాయీ, ఆ మూడో ఫోటో అర్జెంటుగా తీసెయ్. అదొక్కటే. మిగతావి ఉండనీ."

"ఒక్కటేంది మామయ్యా?" జ్యోతిక అడ్డంగా నిలబడింది. "తీపిస్తే అన్నీ తీపియ్యుండ్రి. లేకుంటే మా నాయినది గూడ ఉండనియ్యుండ్రి."

"నీకోసమేనమ్మా! మీ నాన్నగారి పరువు పోకూడదనే కదా."

"మా నాయిన పరువా, మీ పరువా? ఆయన ఎనక నిలబడ్డ ముసలామెకు బిడ్డ ఉండదా? ఆ బిడ్డకు అత్తగారిల్లు ఉండదా? ఆళ్ళింట్ల ఫోన్లు లేవా?"

"ఫోటో లేకపోతే డబ్బిచ్చినవాళ్ళు నమ్మరమ్మా. మేం తినేశామంటారు."

"మిమ్మల్ని నమ్మనీకి ఆళ్ళు మొఖం సూపియ్యాల్నా?"

గది తలుపు తెరుచుకుంది. గౌతమ్ తల బయటపెట్టి, "జ్యో, నాన్న మంచికే చెప్తున్నారు కదా..." అన్నాడు.

"నువ్వు పొయ్యి మీటింగ్‌ల కూసో గౌతమ్."

తల లోపలికి పోయింది.

త్రినాథరావుకి కోపం ముంచుకొచ్చింది. కోడలు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో కొత్త. "అసలు మీ నాన్నకి మనం ఏం తక్కువ చేశాం? నోరు తెరిచి అడిగితే ఇంటికే పంపేవాణ్ణి కదా! నలుగురిలో నా తల తీసేశాడు!"

సంచుల దగ్గర కూర్చున్న లలితకుమారి చేతిలోని పప్పు డబ్బా దబ్బున కింద పెట్టింది. "చాల్లెండి. వియ్యంకుణ్ణి ఎదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేని మనిషి మీరు. ఆయన మీ తల తీశాడా? ఆ ఫోటోలన్నీ పోయేదాకా నేను ఒక్క సంచి కట్టను. మీ సాయికుమార్‌నే కట్టమనండి, ఎలా వస్తాయో చూద్దాం."

త్రినాథరావు లేచి చొక్కా వేసుకున్నాడు. ఒక సంచి తీసి కారు డిక్కీలో పెట్టి, "రామ్మా, పదింటికి పోలీసులు రోడ్లు మూసేలోపు వెళ్ళొద్దాం," అన్నాడు. జ్యోతిక ఎక్కింది. దారిపొడవునా ఆమె కోపం మామగారి మీద సగం, తండ్రి మీద సగం. ఒక్క మాట చెప్తే నోటి ముత్యాలు రాలతాయా ఈ నాయినకి?

హయత్‌నగర్‌లో రామస్వామి గేటు దగ్గరే ఎదురొచ్చాడు. వెనక జ్యోతిక తల్లి సైదమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడింది. త్రినాథరావు డిక్కీ తెరవబోతుంటే రామస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బావగారూ. నాకు నిన్న ముట్టింది. మా గల్లీల ముట్టనోళ్ళున్నరు, ఆళ్ళకియ్యుండ్రి. మీరు సిగ్గుపడి తెచ్చినట్టున్నరు. నాకేం సిగ్గు? దొంగతనం జేసిన్నా? లైన్ల నిలబడ్డ."

"నేను గుర్తుపట్టలేదు బావగారూ," త్రినాథరావు గొంతు తగ్గింది.

"నేను పట్టిన. ఎన్కకు మళ్ళుదామనుకున్న. ఇంట్ల డబ్బా అడుగంటింది, యాదికొచ్చి నిలబడ్డ. ఫోటోకు మాస్కు దించమంటె దించిన గద, మీరు కెమెరా దిక్కు సూస్తుండె."

త్రినాథరావు కారుకి చెయ్యి ఆనించుకున్నాడు. ఇక జ్యోతిక ఆగలేకపోయింది.

"నాకెందుకు జెప్పలే నాయినా? నేను సచ్చిన్నా?"

"గట్లనకు బిడ్డా! నీకు జెప్తే నువ్వేం జేస్తవ్? మా అమ్మగారింట్ల బియ్యం లేవని అత్త ముంగట నిలబడ్తవ్. ఇష్టపడి పెండ్లి జేస్కొని పోయిన పిల్లవు. రేపు ఏదన్న కొట్లాటల అదే మాట నీ మొఖాన కొడ్తరు. లైన్ల నిలబడ్తే నా తల ఒక్కటే ఒంగుతది. నీ తల ఒంగొద్దనే పోయిన."

సైదమ్మ కొంగు చాటున వెక్కిళ్ళు పెట్టింది.

"ఆ మాట అనేవాణ్ణే బావగారూ," అన్నాడు త్రినాథరావు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "నిన్నటిదాకా అయితే ఎప్పుడో ఒకప్పుడు అనేవాణ్ణే. ఈ నోరు అలాంటిది." అక్కడే నిలబడి సాయికుమార్‌కి ఫోను చేశాడు. "సాయీ, అన్నీ తీసెయ్. మొదటిరోజు నుంచీ పెట్టినవన్నీ. ఇక ఎవరికీ మాస్కు దించమని చెప్పొద్దు. డబ్బిచ్చినవాళ్ళు అడిగితే నన్ను అడగమను, నేను చెప్పుకుంటా."

జ్యోతిక కళ్ళు తుడుచుకోలేదు. డిక్కీలోంచి సంచి తనే ఎత్తి చంకన పెట్టుకుంది.

"ఇగ నువ్విను నాయినా. ఆ ఇంట్ల నేను ఎవ్వరి ముంగట నిలబడి అడిగేదాన్ని గాదు. అది నా ఇల్లు. మామయ్యకే ఎదురు జెప్పొచ్చిన, నీకు జెప్పనా? ఇది లైన్ల ఇచ్చిన సంచి గాదు, బిడ్డ తెచ్చింది. వద్దంటే గీడ్నే కూసుంట. పోలీసులొచ్చి లేపినా లేవ."

రామస్వామి వియ్యంకుడి వంక చూశాడు. త్రినాథరావు, "నావల్ల కాలేదు బావగారూ, మీరు ప్రయత్నించండి," అన్నాడు.

రామస్వామి ఏడుస్తూనే నవ్వాడు. గేటు పూర్తిగా తెరిచి పక్కకి జరిగాడు. జ్యోతిక సంచితో లోపలికి వెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసింది.