మైనస్ ఎనభైలో మేనత్త రక్తం

ఉదయం పది దాటి పది నిమిషాలకు, జన్యు పరిశోధన కేంద్రం లిఫ్ట్‌లో పెద్ద డాక్టరమ్మ కుప్పకూలింది. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. చేతిలోంచి పడ్డ టీ ఇంకా వేడిగానే ఉంది.

పదకొండింటికి గూఢచారి శాఖ ఏజెంట్ ఒకడు తన చీఫ్ ముందు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆ ఏజెంట్‌ని ముంగిస అంటారు.

"డాక్టరమ్మని చంపింది విదేశీ ముఠా. అసలు పని ఇంకా మిగిలే ఉంది," అన్నాడు చీఫ్.

"ఏమిటది?"

"బేస్‌మెంట్‌లో మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్. మీ తెగ ఆడవాళ్ల రక్తం, ఆరువందల పదకొండు శాంపిల్స్. మీలో రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యులోపం ఏ దేశం డేటాబేస్‌లోనూ లేదు. పరిశోధనలన్నీ వేరే జనం మీదే. మీలాంటి పిడికెడు మందిని పట్టించుకున్నది ఈవిడొక్కతే. ముఠా ఆ డేటా కాపీ కొట్టేసింది. ఫ్రీజర్ తగలబెడితే ఆ లోపాన్ని కనిపెట్టే టెస్ట్ వాళ్ల ఒక్కళ్ల గుప్పిట్లోకే పోతుంది."

 ముంగిస ముగ్గురు మేనత్తలూ ఆ జబ్బుతోనే నలభై దాటకుండా పోయారు. మూడో అత్త రక్తం ఆ ఫ్రీజర్‌లోనే ఉంది. పందొమ్మిదేళ్ల కూతురికి కిందటి నెల టెస్ట్ చేయిస్తే రిపోర్టులో వచ్చింది ఒకటే ముక్క: 'అర్థం తెలియని మార్పు'. అత్త రక్తంతో పోల్చితేనే అర్థం తెలుస్తుంది.

"లోపల మన మనిషి ఉంది. జెనెటిక్ కౌన్సిలర్, వంశంలో వచ్చే జబ్బుల గురించి పేషెంట్లకి వివరించే మనిషి. డాక్టరమ్మ దగ్గర ఏడేళ్లు పని నేర్చుకుంది. నువ్వెప్పుడూ చూడలేదు. పేషెంట్‌లా వెళ్లి ఆమెని కలువు, ఫ్రీజర్‌ని కాపాడు. కోడ్: 'లిఫ్ట్ పనిచేయడం లేదు.' జవాబు: 'నాకు మెట్లే నయం.' నీకిచ్చే చెవి మెషిన్‌లో మైక్ ఉంది, నేను వింటుంటాను."

రెండు యాభైకి నెరిసిన విగ్గు, చేతికర్ర, చెవి మెషిన్‌తో పేషెంట్‌లా కౌన్సిలింగ్ గదిలోకి వెళ్లాడు. తెల్లకోటులో ఉన్న ఆ ఆడమనిషిని చూస్తే ఎవరైనా వచ్చిన పని మర్చిపోతారు.

"లిఫ్ట్ పనిచేయడం లేదమ్మా."

"నాకు మెట్లే నయం," అని నవ్వి, గొంతు తగ్గించింది. "బయట నర్సు ఉంది. కాసేపు నాటకం తప్పదు." ఫారం తీసింది. "మీ అమ్మగారికి ఈ జబ్బు ఉందా?"

"లేదు."

"అమ్మమ్మకి? పిన్నికి, పెద్దమ్మకి?"

"ఎవరికీ లేదు."

"అయితే మీ ఇంట్లో భయం లేదు," అని ఫారం మూసేసింది.

ముంగిసకి డాక్టరమ్మ గుర్తొచ్చింది. కూతురి రిపోర్టు చేతిలో పెడుతూ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మేనత్తలెంతమంది?" అని. "ఇది తల్లి వైపు నుంచే వస్తుందనుకుని మీవాళ్లు సగం కుటుంబాన్ని లెక్కలోంచి తీసేస్తారు. తండ్రి నుంచీ వస్తుందయ్యా!" అని కసిరింది కూడా. ఆవిడ శిష్యురాలు మేనత్త ఊసెత్తకుండా ఫారం మూస్తుందా?

"చీఫ్, ఈవిడ మన మనిషి కాదు," అన్నాడు చెవి మెషిన్ సర్దుకుంటూ.

ఆమె పెన్నులోంచి సూది బయటికొచ్చింది. ముంగిస కర్రతో మణికట్టు మీద కొట్టాడు. సూది కిందపడింది. చేతులు విరిచికట్టి సంకెళ్లు వేస్తుంటే ఆమె నవ్వింది.

"మీ కౌన్సిలర్ పిల్ల చేత కోడ్ చెప్పించడానికి గంట పట్టింది. టైమెంతో చూసుకో. మూడింటికి నీ ఫ్రీజర్ బూడిద."

మూడుకి రెండు నిమిషాలే ఉన్నాయి. ముంగిస మెట్లు దూకుతూ బేస్‌మెంట్‌కి చేరాడు. ఫ్రీజర్ వెనక అతికించిన ఫైర్ బాంబ్ మీద ఎర్ర అంకెలు. పదమూడు సెకన్లు. కత్తిరించడానికి వైరు లేదు, తిప్పడానికి స్క్రూ లేదు. పక్కనే దాదాపు మైనస్ రెండొందల డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు తెల్లటి పొగలు కక్కుతోంది. ఆ చలికి ఏ బ్యాటరీ అయినా చస్తుంది. బాంబుని పీకాడు. జిగురుకి అరచేతి తోలు కూడా ఊడొచ్చింది. మూత తీసి ట్యాంకులో పడేశాడు.

మూడు. రెండు. అంకె ఆరిపోయింది. ముంగిస ఫ్రీజర్‌కి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

అసలు కౌన్సిలర్ స్టోర్‌రూమ్‌లో కట్లతో దొరికింది, ప్రాణాలతోనే. ముంగిస రక్తాన్నీ, కూతురి రక్తాన్నీ అత్త రక్తంతో పోల్చి, మూడు వారాల తర్వాత ఆమే అతన్ని పిలిచింది.

"మీ అత్తలో ఉన్న లోపమే మీలోనూ ఉంది సార్. అమ్మాయికి మీ నుంచే వచ్చింది."

బిడ్డకి తనిచ్చింది ఇదా అని ముంగిసకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"తెలిసింది కాబట్టి ఏటా స్కాన్ చేయిద్దాం. జబ్బు వచ్చినా మొదట్లోనే పట్టుకోవచ్చు. కానీ బంధువులందరికీ మీరే చెప్పాలి."

శత్రువులు గోళ్లు పీకినా నోరు విప్పనివాడని డిపార్ట్‌మెంట్‌లో ముంగిసకి పేరు. ఆ సాయంత్రం కూతురితో మొదలుపెట్టి, మేనత్తల పిల్లలు ఏడుగురికీ ఫోన్ చేసి, ఎవరూ అడక్కుండానే అంతా కక్కేశాడు.